తునికాకు వేళ, గుడ్డెలుగు దారి

నిజామాబాద్ జిల్లా అనగానే బయటివాళ్ళకు తోచేది నీళ్ళు పారే నేల. నిజాంసాగర్ కాలువ, బోధన్ చెరకు, 2015లో మూతపడ్డ ఆ ఊరి చక్కెర ఫ్యాక్టరీ, పసుపు బస్తాల మార్కెట్ యార్డు, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డును ఆక్రమించే వడ్లు. ఈ జిల్లాకే ఇంకో మొహం ఉంది. బస్సు డిచ్‌పల్లి దాటి ధర్పల్లి దారి పట్టాక అది కనిపించడం మొదలవుతుంది. మడుల మధ్య నల్లటి గుండ్లు లేస్తాయి. గుండ్ల వెనక గుట్టలు, గుట్టల మీద టేకు, మోదుగ, తునికి. సిరికొండ చేరేసరికి అడవి ఊరి పెరట్లోకి వచ్చి కూచున్నంత దగ్గరైపోతుంది. ఏప్రిల్ చివర కాబట్టి పచ్చదనం అంతంతే. టేకు ఆకు రాలి, కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతోంది. తునికి మాత్రం లేత ఆకు తొడిగి, రాగిరంగులో నిగనిగలాడుతోంది.

నేను వెళ్ళింది ఆ ఆకు కోసమే. బీడీల జిల్లాలో పెరిగినవాణ్ణి. ఒళ్ళో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుట్టే ఆడవాళ్ళను వాడవాడనా చూశాను. అదే ఆకు చెట్టు మీద ఉన్నప్పుడు ఎవరు కోస్తారో, ఏ వేళకు పోయి కోస్తారో చూద్దామనుకున్నాను. తీరా అక్కడికి వెళ్ళాక ఎవర్ని కదిపినా మాట మాత్రం గుడ్డెలుగు మీదికే పోయింది.

“ఆకు జూస్తందుకు అచ్చినవా? జూడు. గని పొద్దుగాల ఒక్కనివి గుట్టకు పోకు” అన్నాడు హోటల్ దగ్గర చాయ్ తాగుతున్న పెద్దమనిషి. ఆయన్ని తాత అనే పిలుస్తాను, ఊరంతా అలాగే పిలుస్తోంది. చిన్నప్పుడు మేకలు కాశాడట. తర్వాత ఇరవై ముప్పై సీజన్లు ఆకు కోశాడు. ఇప్పుడు కంటిచూపు తగ్గి, కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టే పనిలో సాయం చేస్తున్నాడు. ఈ అడవంటే జిల్లాకు ఒకప్పుడు వేరే భయం ఉండేది: అన్నలు, పోలీసులు, ఎదురుకాల్పులు. ఆ మాటలు ఇప్పుడు హోటల్ బెంచీల మీద పాత కథలైపోయాయి. ఎలుగు మాత్రం వర్తమానంలోనే ఉంది.

తాత మాటల్లో నాకు మొదట అర్థమైంది ఇది. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. మనిషీ ఎలుగును వెతుక్కుంటూ పోడు. ఇద్దరూ ఒకే చెట్టు దగ్గరికి, ఒకే వేళకు పోతారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామున. ఏరడానికి మనుషులు చీకటితోనే బయల్దేరతారు, ఎలుగు అప్పటికే చెట్టు కింద ఉంటుంది. ఏప్రిల్, మేలో తునికాకు కోతకొస్తుంది, తునికిపండూ అప్పుడే పండుతుంది. ఆకు మనకు, పండు దానికి. ఎండ ముదరకముందే కోసుకోవాలని మనిషి తొందర, ఎండ ముదరకముందే కడుపు నింపుకుని బండసొరికెలోకి పోయి పడుకోవాలని దాని తొందర. మొర్రిపండు, నేరేడు, సీతాఫలం, పొలం దాకా వస్తే మక్కకంకి, బోధన్ వైపు అయితే చెరకు కూడా. దాని పట్టికలో ఉన్నవన్నీ మన పట్టికలోవే. ఒక్క చెదలు మాత్రం మనం ముట్టం.

“ఎలుగుకు మనతోని పనేమున్నది బిడ్డా? దాని పండు దానికి గావాలె, మన ఆకు మనకు గావాలె. చెట్టు ఒక్కటయ్యేసరికి లొల్లి” అన్నాడు తాత.

మర్నాడు పొద్దెక్కాక, ఆకు కోసేవాళ్ళు తిరిగొచ్చే దారికి ఎదురు నడిచాం. తాత ముందు, నేను వెనక. ఆయన చేతిలో వెదురుకట్టె ఉంది. దానికి ఆయన ఆనుకుని నడవడం లేదు. బండ కనిపించినప్పుడల్లా దాని మీద టక్కున ఒకటి కొడుతున్నాడు, మలుపు వచ్చినప్పుడల్లా గొంతు సవరించుకుంటున్నాడు. ముసలితనపు దగ్గేమో అనుకున్నాను. చదును నేల మీద మాత్రం ఒక్కసారీ దగ్గలేదు.

దారి పక్కన ఒక పుట్ట నడుముదాకా కూలి ఉంది. పలుగుపోటు కాదది. ఎర్రమట్టిలో పక్కపక్కనే నాలుగైదు గీతలు, వేలెడు లోతున, పైనుంచి కిందికి దిగాయి. గీతల అడుగున మట్టి ఇంకా చెమ్మగా ఉంది. లోపలి గదులు తేనెతుట్టె తెగినట్టు బయటపడ్డాయి, వాటి చుట్టూ తెల్లటి చెదపురుగులు దిక్కుతోచక తిరుగుతున్నాయి. “రాత్రిది” అన్నాడు తాత. ఎలుగుకు పైదవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి, పెదవులు గొట్టంలా ముందుకు చాపి, ముక్కురంధ్రాలు మూసుకుని, పుట్టలోని దుమ్మును మొదట ఊదేస్తుంది, తర్వాత చెదలను లోపలికి లాగేస్తుంది. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినపడుతుంది. అంటే తలకాయ పుట్టలో పెట్టి, తన చప్పుడు తనకే చెవులు గింగురుమనేలా తింటున్న జంతువు వెనక్కి మనం మెత్తగా నడిచి వెళ్తామన్నమాట. దాని చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పదేం కాదు. నమ్ముకున్నది ముక్కును. గాలి మన వైపు నుంచి అటు వీస్తే ముందే తెలుసుకుని తప్పుకుంటుంది. గాలి ఎదురుగా ఉంటే పది అడుగుల దూరంలో మనం ఊడిపడ్డట్టే దానికి.

ఇంకాస్త ముందుకు పోతే బండ పక్కన పెంట కనిపించింది. తాత పుల్లతో విప్పి చూపించాడు. చీమల తలలు, ఇప్పపువ్వు పీచు, వాటి మధ్య చదునుగా, గోధుమరంగులో, నున్నగా తునికి గింజలు. ఈ గింజలు ఎలుగు కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చి, అది తిరిగిన చోటల్లా మొలుస్తాయి. తునికిని అడవంతా చల్లే జంతువుల్లో ఇదీ ఒకటని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. బీడీలు చుట్టే జిల్లా ఎలుగుకు ఎంతో కొంత బాకీ ఉందన్నమాట. ఆ లెక్క ఏ కల్లం పుస్తకంలోనూ రాయరు.

ఇక మీద పడడం సంగతి. ప్రపంచంలోని ఎలుగుల్లో మనిషిని ఎక్కువగా గాయపరిచే వాటిలో మనది ముందుంటుంది. బరువు చూస్తే మగది నూటపాతిక, నూటనలభై కిలోల లోపే. అమెరికా గ్రిజ్లీ ముందు పిల్లకిందే లెక్క. అయినా ఇంత కోపమేమిటి? పులితో కలిసి బతకడమే కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా. దాని గోళ్ళు తవ్వడానికి పొడుగ్గా పెరిగాయి. చెట్టు ఎక్కగలదు గానీ, చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా ఎక్కుతుంది. పరుగులో పులిని మించలేదు. మిగిలిందల్లా లేచి నిలబడి, అరిచి, మీదపడి, ఎదుటివాడు తేరుకునేలోగా పోవడమే. పులి మీద వేల ఏళ్ళు చేసిన సాధన అది. ఎదురుపడింది ఆకుమూట ఎత్తుకున్న మనిషని దానికి తెలిసేదాకా ఆగదు. పైగా పిల్లతల్లి అయితే చెప్పనే అక్కర్లేదు. చలికాలంలో సొరికెలో ఈని, రెండు మూడు నెలలయ్యాక పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని బయటికొస్తుంది. మన ఆకు సీజన్‌కు సరిగ్గా ఆ పిల్లలు తల్లి వీపు మీదే ఉంటాయి.

భాగవతంలో శ్రీకృష్ణుడు జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడాడు. శ్యమంతకమణి గొడవ సరే, పోరు ఎక్కడ జరిగిందో చూడండి: గుహలో. దేవుడైనా సరే, ఎలుగు ఇంట్లోకి పిలవని పేరంటానికి పోతే నెల రోజుల పని. ఈ మాట అంటే తాత పళ్ళులేని నోటితో గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు కూడా దారికి పనికొచ్చింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎలుగు గురించి వేరే సంగతులు చెబుతారు. యోసెమిటీలో క్యాంపుకు వెళ్తే పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, ఆఖరికి పళ్ళ పేస్టు కూడా ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయాలి. కారులో వదిలితే తలుపు ఊడబీక్కుని పోతుంది. ఎల్లోస్టోన్‌లో ఎలుగుకు వంద గజాల దూరం పాటించాలని నిబంధన. నడుముకు మిరపఘాటు స్ప్రే డబ్బా తగిలించుకుని నడుస్తారు. గ్రిజ్లీ మీదపడితే చచ్చినట్టు పడుకోమంటారు, నల్ల ఎలుగు అయితే తిరగబడమంటారు. అవన్నీ అక్కడికి సరిపోయే జాగ్రత్తలే. అక్కడి ఎలుగుకు ఆశ మన సంచి మీద. ఇక్కడి దానికి మన సద్దిమూటతో పనిలేదు, స్ప్రే డబ్బా కొనేవాడూ అమ్మేవాడూ సిరికొండలో లేడు. ఇక్కడి జాగ్రత్త అంతా వేళలోనూ, చప్పుడులోనూ, గుంపులోనూ ఉంది.

ఆకు కోసేవాళ్ళు దిగివస్తున్నారని కనపడకముందే తెలిసింది. ఆడవాళ్ళ గొంతులు, ఎవరిమీదో జోకులు, ఒకామె సెల్‌ఫోన్లో లంబాడా పాట. పక్క తండావాళ్ళు. నెత్తిన ఆకుమూటలు, భుజాన ఖాళీ నీళ్ళసీసాలు. అడవిలో ఇంత గోలేమిటని బయటి మనిషి ఎవరైనా విసుక్కుంటారేమో. ఆ గోలే వాళ్ళ ప్రాణం. వాళ్ళల్లో పెద్దామె నా ప్రశ్నలకు నడుస్తూనే జవాబులు చెప్పింది, మూట దించలేదు.

“నాలుగ్గొట్టంగ లేస్తం. గని ఎలుగు అచ్చేదాక గుట్ట ఎక్కం. మొదలు అంచుపొంటి కోస్తం, ఎండ జర పడ్డంక లోపల్కి పోతం. అయిదారుగురం లేకుంటే పోం. దూరం దూరం పోవుడు ఉండది. ఒకరినొకరు పిల్సుకుంట కోస్తం.”

ఇక్కడ ‘ఎలుగు’ అంటే వెలుతురు. నేను కంగారుపడి మళ్ళీ అడిగితే ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

కుర్రాళ్ళ సంగతి వేరట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాట తామొక్కరే వింటూ ముందుకు పోతారు. పాట బయటికి వినపడదు, బయటి చప్పుడు లోపలికి పోదు. “దానికీ ఇనరాదు, ఈనికీ ఇనరాదు” అంది ఆమె. ఆకు కోతల కాలంలో ఊళ్ళో వేలాడదీసే హెచ్చరిక బోర్డుల మీద నేనైతే ఈ ఒక్క వాక్యమే రాయిస్తాను.

కుక్క విషయంలో మాత్రం తాతకూ ఆమెకూ కుదరలేదు. కుక్క ముందే పసిగడుతుంది, ఉండాలంటాడు తాత. కుక్క మొరిగి దాన్ని రేపుతుంది, అది తరిమితే కుక్క ఉరికొచ్చి మన కాళ్ళ సందులో దూరుతుంది, వెంబడే ఎలుగూ వస్తుందంటుంది ఆమె. నాకు ఆమె మాటే సబబుగా తోచింది.

కట్టె మాటకొస్తే తిరుమల గుర్తుకొచ్చింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టనపెట్టుకున్నాక, దారిపొడుగునా పెట్టిన కెమెరాల్లో ఎలుగులు కూడా కనిపించాయి. సెప్టెంబరులో దేవస్థానం నడిచివెళ్ళే భక్తులకు చేతికర్రలు పంచింది. కర్రతో చిరుతను కొడతారా అని జనం నవ్వారు, పత్రికల్లో కార్టూన్లు పడ్డాయి. నేనూ నవ్వినవాళ్ళలో ఉన్నాను. కానీ తాత వెనక నడిచాక ఆ కర్రకు ఒక పని కనపడింది. కొట్టడానికి కాకపోయినా, టకటకమనిపించడానికి అది పనికొస్తుంది. ఎలుగును కర్రతో కొట్టబోయినవాడికి కర్రా మిగలదు, చెయ్యీ మిగలదు. దేవస్థానం అప్పుడే చేసిన ఇంకో రెండు ఏర్పాట్లు, భక్తుల్ని గుంపులుగా పంపడం, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని ఆ దారిలో ఆపెయ్యడం, ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. అసలు పని చేసేవి అవే. తండా ఆడవాళ్ళు పాటించేదీ అదే, ఎవరూ సర్క్యులర్ పంపకుండానే.

సిరికొండ కంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కష్టం పెద్దది. అక్కడి వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో 2022 జూన్‌లో ఎలుగు దాడికి ఒక పెద్దాయన చనిపోయాడు. మర్నాడు ఆ చుట్టుపక్కలే మరో ఆరుగురు గాయపడ్డారు. అటవీశాఖవాళ్ళు మత్తు ఇచ్చి పట్టుకున్నారు, విశాఖ జూకు చేర్చే ప్రయత్నంలో అదీ చనిపోయింది. అక్కడ గుట్టకూ ఊరికీ మధ్య గీత లేదు. జీడితోటలు, కొబ్బరితోటలే ఎలుగుకు ఇల్లు, ఆ తోటల్లోనే మనుషులకు పని. సిరికొండలో ఇంకా గుట్ట గుట్టగానే ఉంది, ఊరు ఊరుగానే ఉంది. ఆ గీత చెరిగిన చోట ఏమవుతుందో ఉద్దానం చూపిస్తోంది. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసం గుట్టల్ని పలకలుగా కోసుకుపోతున్నారు. సొరికెలు పోయిన ఎలుగు ఎక్కడ పడుకోవాలన్నది క్వారీ లీజు కాగితాల్లో రాసి ఉండదు.

తిరిగి వస్తూ తాత ఒక మాట గొంతు తగ్గించి చెప్పాడు, ఆడవాళ్ళు వినకుండా. ఎలుగు చేతికి చిక్కినవాళ్ళలో చాలామంది ఆకుకు పోయినవాళ్ళు కారు, చెంబు పట్టుకుని పోయినవాళ్ళు. తెల్లవారుజామున, ఒంటరిగా, చప్పుడు చెయ్యకుండా, పొద చాటున కూచున్న మనిషి. ఎలుగుకు అంతకంటే ఉలికిపాటు ఉండదు. మరుగుదొడ్డి కట్టించుకోవడం ఊరి శుభ్రతకే కాదు, మొహం మిగలడానికి కూడా. అయితే దొడ్డి ఉంటే చాలదు, వేసవిలో అందులోకి నీళ్ళూ రావాలి. మొహం అని ఎందుకన్నానంటే, లేచి నిలబడ్డ ఎలుగు అందుకునేది తలనూ మొహాన్నే. కన్ను, ముక్కు, దవడ. దాడి నిమిషంలో ముగుస్తుంది. కుట్లు, ఆపరేషన్లు ఏళ్ళ తరబడి సాగుతాయి.

“దూరంల కనవడ్తె ఏం జెయ్యాలె తాతా?”

“దాని దిక్కే జూస్కుంట మెల్లెగ ఎన్కకు జరుగు. దాని తొవ్వ దానికియ్యి. ఉర్కకు. ఉర్కెటోణ్ణి ఇడ్వది.”

“మీదికే అచ్చిందనుకో?”

తాత కట్టె కింద పడేసి, ఎండుటాకుల్లో బోర్లా పడుకుని చూపించాడు. మొహం నేలకు, మోచేతులు చెవులకు అదుముకుని, వేళ్ళు మెడ వెనక పెనవేసి, కాళ్ళు కాస్త ఎడం. కాళ్ళెందుకంటే, అది తిప్పబోయినా వెల్లకిలా పడకుండా ఉండడానికి. అటవీశాఖవాళ్ళు, వన్యప్రాణి సంస్థలవాళ్ళు చెప్పేదీ దాదాపు ఇదే. అది పోయాక కూడా వెంటనే లేవకూడదు, కదలిక చూసి తిరిగొస్తుంది. డెబ్బై దాటిన మనిషి ఆకులు దులుపుకుంటూ లేచి, “గట్ల” అన్నాడు.

ఆయన చెప్పనిది ఒకటి నేను కలుపుతాను. గాయానికి పసరు కట్టడం, పసుపు అద్దడం కాదు, ముందు సబ్బుతో ధారగా నీళ్ళు పోసి పావుగంట కడగాలి. కరిచినా, గీరినా రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే. కుక్క కరిస్తేనే టీకా అనుకునేవాళ్ళు ఈ గుట్టల కింద ఇంకా చాలామంది ఉన్నారు. 108కు ఫోన్ చేసేటప్పుడు ఎలుగు దాడి అని చెప్పాలి. అటవీశాఖకూ అప్పుడే చెప్పాలి, వాళ్ళు వచ్చి చూసి రాసుకుంటేనే పరిహారం కాగితం కదులుతుంది.

ఎండాకాలం అడవిలో నీటి చెలమలు ఎండిపోతాయి. అటవీశాఖ సాసర్ పిట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్ళు నింపుతుంది. నిండితే ఎలుగు అక్కడే తాగి పోతుంది. ట్యాంకర్ రాకపోతే పొలం బాయికి దిగుతుంది. గట్టు లేని బాయిలో పడ్డ ఎలుగును నిచ్చెన దించి, వల వేసి ఎక్కించిన వార్తలు తెలంగాణ పత్రికల్లో ప్రతి వేసవిలో వస్తుంటాయి. ఇంతకంటే చెడ్డది మక్కచేను చుట్టూ అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా పెట్టే కరెంటు తీగ. దానికి పంది, ఎలుగు, మనిషి తేడా తెలియదు. ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులితో సమానం. తీగ పెట్టినవాడికి జైలు. తెలిసీ పెడతారు, పంట పోతే అడిగే దిక్కు లేదన్నది వాళ్ళ మాట. ఆ మాటలో నిజం ఉంది. తీగకు మాత్రం నా దగ్గర సమర్థన లేదు.

కల్లానికి చేరేసరికి పదకొండు దాటింది. మూటలు విప్పి, యాభై ఆకులకొక కట్ట లెక్కన నారతో బిగిస్తున్నారు. ఎండుటాకు వాసన, చెమట వాసన, ఎవరో తెరిచిన మామిడికాయ తొక్కు వాసన. కట్టలు తిరగేసి చూసే కల్లందారు చిన్న ఆకులు తీసి పక్కన పడేస్తుంటే పెద్దామె అతనితో గట్టిగా తగాదా పడుతోంది. ఈసారి రేటు మీద కూడా వాళ్ళకు గుర్రుగానే ఉంది. ఎలుగు గురించి నవ్వుతూ మాట్లాడినామె రేటు గురించి మాత్రం నవ్వలేదు.

రేపు నేనూ పొద్దున్నే వస్తానని అన్నాను. ఆమె కట్ట ముడి పంటితో బిగించి నా వైపు చూసింది.

“అస్తే రా సారూ. గని ఎన్కకెంచి సప్పుడు జెయ్యకుంట రాకు. నువ్వు ఎలుగువో సారువో మాకెట్ల ఎర్క? ఒర్లుకుంట రా.”